ఓఎంఆర్ పత్రాలకు ఖర్చు ఎందుకు?

పోయిన ఏడాది మన సొసైటీ సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చదువుతున్నప్పుడు దాతల్లో ఒక పెద్దాయన లేచి అడిగారు. "సార్, పుస్తకాలకు ఖర్చయిందంటే అర్థమవుతుంది, ఫీజులకు ఖర్చయిందన్నా అర్థమవుతుంది. ఈ ఓఎంఆర్ పత్రాలు, స్కానింగ్ అనే పద్దు ఏమిటి? పరీక్ష పెట్టడానికి తెల్ల కాగితం సరిపోదా?" అప్పటికి జుహర్ నమాజుకు వేళవుతోంది. నేను రెండు మాటలు చెప్పి కూర్చున్నాను. ఆయన మర్యాదకు తల ఊపారు గానీ ఆ జవాబు ఆయనకు చాలలేదని నాకు తెలుసు. అందుకే ఈసారి సంచికలో తీరుబడిగా రాస్తున్నాను.

ముందు ఏ పరీక్ష కోసం ఇదంతా అన్నది చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 2008లో నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్ అనే పథకం పెట్టింది. బడుల్లో దాన్ని ఎన్ఎంఎంఎస్ అంటాం. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి చదివే పిల్లలు, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించనివాళ్లు ఈ పరీక్ష రాయవచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా సంవత్సరానికి 12,000 రూపాయల చొప్పున నాలుగేళ్లలో 48,000 రూపాయలు విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడతాయి. తండ్రి ఆటో నడుపుతూ, తల్లి బీడీలు చుట్టే ఇంట్లో ఆ డబ్బుకు ఇంకో విలువ కూడా ఉంది. పదో తరగతి అయ్యాక ఆడపిల్లను చదివించాలా మానిపించాలా అన్న మాట వచ్చినప్పుడు, ఆ పిల్ల తన వంతు ఫీజు తానే తెచ్చుకుంటోందన్న సంగతి పంచాయితీని సగం తేల్చేస్తుంది. ఇది ముప్పై ఏళ్లుగా బడిలో చూస్తూ వచ్చినవాడిగా చెబుతున్నాను.

పరీక్షలో రెండు భాగాలు. మానసిక సామర్థ్యానికి 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలకు 90 ప్రశ్నలు, ఒక్కోదానికి గంటన్నర. అంటే ప్రశ్నకు ఒక నిమిషం. ఆ నిమిషంలోనే ప్రశ్న చదవాలి, లెక్క చేయాలి, ఓఎంఆర్ పత్రంలో సరైన వృత్తాన్ని వెతికి నింపాలి. జవాబు తెలిసి కూడా వృత్తం దగ్గర తడబడి సమయం పోగొట్టుకునే పిల్లలు ఎంతమందో. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసినా ఇదే పత్రం. డాక్టరు కావాలని నీట్ రాసినా 180 ప్రశ్నలకు ఇదే పత్రం. మన రాష్ట్ర ఎంసెట్ 2018లో కంప్యూటరు మీదికి వెళ్లిపోయింది, ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్. అయినా పేద పిల్లలకు ముందుగా ఎదురయ్యే పోటీ పరీక్షలు చాలావరకు ఇంకా కాగితం మీదే ఉన్నాయి.

ఈ వృత్తాల పద్ధతి మొదలైంది ఒక బడిపంతులు బుర్రలోనే అంటే మీరు నమ్మకపోవచ్చు. అమెరికాలో మిచిగాన్ రాష్ట్రంలో రేనాల్డ్ జాన్సన్ అనే హైస్కూలు సైన్సు టీచరు, పెన్సిలు గీతలో ఉండే గ్రాఫైటు గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది కదా, దానితోనే జవాబులు లెక్కపెట్టించవచ్చు కదా అనుకున్నాడు. ఐబీఎం కంపెనీ ఆ ఆలోచనతో 1930ల చివర్లో పరీక్షలు దిద్దే యంత్రం తయారుచేసింది. తర్వాత విద్యుత్తు పోయి వెలుతురు వచ్చింది. నల్లగా ఉన్న చోట వెలుతురు తక్కువగా తిరిగి వస్తుంది, తెల్లగా ఉన్న చోట ఎక్కువగా వస్తుంది. ఓఎంఆర్ యంత్రం చూసేది అంతే. అది అక్షరం చదవదు, ఆలోచన చదవదు, నలుపు ఎంత ఉందో చూస్తుంది.

ఇప్పుడు ఆ పని మామూలు స్మార్ట్‌ఫోను కూడా చేస్తోంది. మనం వాడే యాప్‌లో ముందు జవాబుల కీ ఎక్కిస్తాం. పత్రాన్ని ఫొటో తీస్తే, నాలుగు మూలల్లో అచ్చయిన నల్ల చదరాలను బట్టి కాగితం ఎటు వంగి ఉందో యాప్ తెలుసుకుని బొమ్మను సరిచేస్తుంది. తర్వాత ఒక్కో వృత్తంలో ఎంత నలుపు ఉందో చూసి, కీతో పోల్చి, మార్కులు వేస్తుంది. ఒక్కో పత్రానికి కొన్ని సెకన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 నుంచి ఒకటో తరగతి మొదలు ఎనిమిదో తరగతి దాకా తరగతి గది పరీక్షలకే ఓఎంఆర్ పత్రాలు పెట్టారు. గుజరాత్, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పిల్లలు కాగితం మీద రాసిన పరీక్షలను టీచర్లు సరళ్ అనే యాప్‌తో ఫోనులో స్కాన్ చేశారు. వ్యాసరూప జవాబులైతే కథ వేరు. హైదరాబాద్ జేఎన్‌టీయూ లాంటి చోట్ల జవాబు పుస్తకాన్ని స్కాన్ చేసి తెర మీద పెడతారు, దిద్దేది మాత్రం అధ్యాపకుడే.

మన సంగతికి వస్తాను. మేము ఆదివారాలు నమూనా పరీక్షలు మొదలుపెట్టిన ఏడాది అంతా చేత్తోనే దిద్దాం. పాత టీచర్లందరికీ తెలిసిన ఉపాయం ఒకటుంది. అట్ట ముక్కలో సరైన జవాబులున్న చోట చిల్లులు పెట్టి, పత్రం మీద పరిచి, చిల్లులోంచి నలుపు కనబడితే ఒక మార్కు. అలా 58 మంది పిల్లలు, 180 ప్రశ్నలు, మొత్తం 10,440 జవాబులు. ఇద్దరం టీచర్లం బడి పనులయ్యాక కూర్చుంటే రెండు వారాలు పట్టింది. మార్కులు చెప్పేనాటికి పిల్లలు ప్రశ్నలే మరిచిపోయారు. పైగా ఆ అట్ట ఎన్ని ఒప్పులో చెబుతుంది గానీ, తప్పు రాసినవాడు ఏ తప్పు రాశాడో చెప్పదు. ఒకే ప్రశ్నకు రెండు వృత్తాలు నింపినవాడికి కూడా మార్కు ఇచ్చేస్తుంది.

మరుసటి ఏడాది యాప్ వచ్చింది. పరీక్ష మధ్యాహ్నానికి అయిపోతే అసర్ వేళకు మార్కుల జాబితా గోడ మీద ఉంది. నాకు ఎంత సంతోషమంటే, ఆ జాబితాను మళ్లీ ఒకసారి చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు.

మరునాడు ఒక అమ్మాయి తల్లి బడికి వచ్చింది. బురఖా అంచు చేత్తో నలుపుతూ నిలబడింది. "సార్, మా పాప నిన్న పరీక్షకు వచ్చిందా? జాబితాలో పేరు లేదని వాళ్ల నాన్న గట్టిగా అడుగుతున్నాడు. పరీక్ష అని చెప్పి ఎక్కడికి పోయిందని." వెనకాల ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి ఉంది. "సార్, నేను రాశాను కదా, మీరే నాకు పెన్ను ఇచ్చారు కదా" అంటోంది. నిజమే, నేనే ఇచ్చాను.

కట్ట విప్పి వెతికితే పత్రం దొరికింది. ఆమె నంబరు 14. పైన అంకెల్లో 14 అని చక్కగా రాసింది. కింద వృత్తాల్లో మాత్రం 41 నింపింది. 41 నంబరు వేరే అబ్బాయిది. ఒకే నంబరుతో రెండు పత్రాలు వస్తే యాప్ తర్వాత స్కాన్ చేసినదాన్ని ఉంచుకుంది. అలా ఈ అమ్మాయి తెచ్చుకున్న 131 మార్కులు ఆ అబ్బాయి ఖాతాలో పడ్డాయి. వాడు అప్పటికే ఇంట్లో మిఠాయి పంచుకున్నాడు. వాడిని పిలిచి నిజం చెప్పడం కూడా నా పనే అయింది. తల్లికి పత్రం చూపించి, నేనే వాళ్లింటికి వెళ్లి తండ్రికి చెప్పి వచ్చాను. తప్పు ఆ పిల్లదో, ఫోనుదో అనడానికి లేదు. హాజరు పట్టీలో 58 సంతకాలున్నాయి, జాబితాలో 57 పేర్లున్నాయి. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడనివాణ్ని నేను.

ఆ అమ్మాయి అలా ఎందుకు నింపిందో తర్వాత అర్థమైంది. ఆమెది ఉర్దూ మీడియం. ఉర్దూలో అంకెలు ఎడమ నుంచే రాస్తారు గానీ, చదవడం, రాయడం, పేజీ తిప్పడం అన్నీ కుడి నుంచే. ప్రశ్నపత్రంలో మొదటి ఆప్షన్ కుడివైపున ఉంటుంది, ఓఎంఆర్ పత్రంలో ఒకటో వృత్తం ఎడమవైపున ఉంటుంది. కంగారులో ఆమె చేయి అలవాటు ప్రకారం కుడివైపు నిలువు వరుసతో మొదలుపెట్టింది. ఎన్ఎంఎంఎస్ ప్రశ్నపత్రం ఉర్దూలో ఇస్తారు, సంతోషమే. కానీ జవాబు నింపే పత్రం నడక మాత్రం ఒకటే. తెలుగు మీడియం పిల్లలకు లేని ఈ చిక్కు మన పిల్లలకు ఉందని, ఇన్నేళ్లు పాఠం చెప్పిన నాకే అప్పటిదాకా తట్టలేదు.

ఇదేదో చిన్న ఊళ్లో చిన్న పొరపాటు అనుకోకండి. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చినప్పటి సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. తొమ్మిది లక్షల మందికి పైగా పిల్లలు కాగితం మీద రాసిన పరీక్ష అది. మార్కులు మాత్రం ఓఎంఆర్ పత్రాల ద్వారా కంప్యూటరులోకి వెళ్లాయి. పరీక్ష రాసినవాళ్లు రాయనట్టు, మంచి మార్కులు వచ్చినవాళ్లు తప్పినట్టు వచ్చింది. ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వచ్చింది. తీరా చూస్తే జవాబు పుస్తకంలో ఉన్నవి 99. దిద్దినవారు వృత్తాలు నింపేటప్పుడు తొమ్మిదులకు బదులు సున్నాలు నింపారు, సరిచూడాల్సినవారు సరిచూడలేదు. ప్రభుత్వం వేసిన ముగ్గురు సభ్యుల కమిటీ సాఫ్ట్‌వేరులోనూ, నిర్వహణలోనూ లోపాలున్నాయని చెప్పింది. ఫెయిలయిన వాళ్లందరి జవాబు పత్రాలను ఉచితంగా మళ్లీ పరిశీలిస్తే 1,137 మంది పాసయ్యారు. ఈలోగా ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. వాళ్లలో ఎవరి మార్కులు సరైనవో ఎవరివి కావో అన్న తర్కం నేను చేయను.

ఆ తర్వాత మేము పద్ధతి మార్చాం. స్కాన్ చేసిన పత్రాల సంఖ్య, హాజరు పట్టీలో సంతకాల సంఖ్య సమానమయ్యేదాకా జాబితా బయటికి రాదు. పైన అంకెల్లో రాసిన నంబరును, కింద వృత్తాల్లో నింపిన నంబరును ఒక మనిషి కంటితో చూస్తాడు. ఖాళీ అని గానీ, రెండు నింపారని గానీ యాప్ చూపించిన చోటల్లా కాగితం తీసి చూస్తాం. పదిలో ఒక పత్రాన్ని మళ్లీ పాత అట్టతో దిద్దుతాం. సున్నా వచ్చినా, మామూలుగా వచ్చేదాంట్లో సగం వచ్చినా ఆ పిల్లవాడిని పిలిచి పత్రం అతని చేతికే ఇస్తాం. యాప్‌లో పిల్లల పేర్లు, ఫోను నంబర్లు ఎక్కించం, క్రమసంఖ్య మాత్రమే ఉంటుంది. పేర్ల పట్టీ నా బీరువాలో ఉంటుంది.

ఇంకో మాట. పత్రం మీద పిల్లల నంబరును ముందే అచ్చు వేయించవచ్చు, అప్పుడు 14, 41 గొడవే రాదు. మొదటి పరీక్షకు అలాగే చేస్తాం. రెండో పరీక్ష నుంచి కావాలనే ఖాళీ పత్రం ఇస్తాం. అసలు పరీక్షలో ఏ రకం పత్రం వచ్చినా పిల్లలకు చేయి తిరిగి ఉండాలి. అక్కడ నంబరు తప్పు నింపితే తల్లి వచ్చి అడగడానికి ఎవరి దగ్గరికి వెళుతుంది? ఆ తప్పులు ఏవో మన హాల్లోనే జరిగిపోవాలి.

మార్కుల కంటే నాకు ఎక్కువ ఉపయోగపడింది ఇంకొకటి. ఏ ప్రశ్నకు ఎంతమంది ఏ జవాబు పెట్టారో యాప్ పట్టిక వేసి చూపిస్తుంది. 1/2, 1/3 కూడితే ఎంత అన్న ప్రశ్నకు సగం మందికి పైగా 2/5 పెట్టారు. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడేశారన్నమాట. జవాబు 5/6 అని చెప్పి వదిలేస్తే లాభం లేదని, రొట్టె ముక్కలు కోసి చూపించాల్సిన పాఠమని అర్థమైంది. వచ్చే ఆదివారం నిజంగానే బేకరీ నుంచి రొట్టె తెచ్చాం. పాఠం అయ్యేసరికి రొట్టె మిగల్లేదు.

మరో ప్రశ్న దగ్గర విచిత్రం కనబడింది. తెలుగు మీడియం పిల్లలు దాదాపు అందరూ ఒప్పు రాశారు, ఉర్దూ మీడియంలో బాగా చదివే పిల్లలు సైతం తప్పు రాశారు. ప్రశ్నపత్రం తీసి చూస్తే, తర్జుమాలో గుణిజం అని ఉండాల్సిన చోట కారణాంకం అని అర్థమొచ్చే మాట పడింది. పిల్లలు అడిగినదానికి సరిగ్గానే జవాబు రాశారు, అడిగిన మేమే తప్పు. అందరికీ ఆ మార్కు కలిపాం. చిల్లుల అట్టతో దిద్దిన ఏడాది ఇలాంటివి ఎన్ని జరిగాయో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

ఇక ఖర్చు. కంప్యూటర్ ల్యాబు పెడదామని మన శ్రేయోభిలాషులు కొందరు అన్నారు. వాళ్ల ఉద్దేశం మంచిదే గానీ ఈ పనికి అది అక్కర్లేదు. కరెంటు పోయినా కాగితం మీద పరీక్ష ఆగదు, పాపన్నపేట నుంచి బస్సులో వచ్చే పిల్లకు మౌసు పట్టడం నేర్పనక్కర్లేదు. మనకు కావలసింది మంచి మందం గల కాగితం. పలుచటి కాగితమైతే వెనకవైపు సిరా ముందుకు కనబడి యాప్ తికమక పడుతుంది. మూలల చదరాలు చెదరకుండా అచ్చు వేసే ప్రెస్సు, నల్ల బాల్‌పాయింట్ పెన్నులు, నీడ పడకుండా ఫోను నిలబెట్టే ఒక స్టాండు కావాలి. ఉర్దూ తర్జుమా చేసినవారు కాక, ప్రశ్నపత్రాన్ని మళ్లీ చదివే రెండో మనిషికి ఇచ్చే కొద్దిపాటి పారితోషికం ఒకటి. ఈ చివరిదాన్ని లెక్కల్లో కోసేయవద్దని కార్యవర్గాన్ని ప్రత్యేకంగా కోరుతున్నాను.

డబ్బు కాక ఇంకొకటి అడగాలి. పరీక్ష ఉన్న ఆదివారాల్లో జుహర్ తర్వాత రెండు గంటలు కూర్చుని నంబర్లు సరిచూసే మనుషులు ఇద్దరు కావాలి. దాతలు తామే వచ్చినా సరే, ఇంట్లో కాలేజీ చదివే పిల్లలను పంపినా సరే. ఫోను వాడటం రాకపోయినా ఫరవాలేదు, అంకెలు తెలిస్తే చాలు. కళ్లద్దాలు ఉన్నవాళ్లు మాత్రం మరవకుండా తెచ్చుకోండి, ఆ వృత్తాలు చాలా చిన్నవి.