నాన్న తాగుడు మాన్పించాలా..? సీసా దాచేసే ముందు ఇది తెలుసుకోండి

సాయంత్రం ఏడు దాటిందంటే ఆ ఇంట్లో అందరి చెవులూ గేటు వైపే ఉంటాయి. బండి ఆపిన తీరు చూసే ఆ రాత్రి ఎలా గడుస్తుందో పిల్లలకు అర్థమైపోతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి ఇళ్లు తక్కువేం కాదు. ఒట్టు వేయించుకోవడం, జేబులో డబ్బులు తీసేయడం, సీసా దాచేయడం.. అన్నీ అయిపోతాయి. మాల వేసుకున్న 41 రోజులూ ముట్టడు కదా, కావాలనే తాగుతున్నాడని ఇంట్లోవాళ్ల కోపం.

కానీ అసలు ప్రమాదం ఎక్కడుందో తెలుసా..? ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషికి ఒక్కసారిగా మందు ఆగిపోతే శరీరం తట్టుకోలేదు. చివరి పెగ్గు తర్వాత కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు. కొందరికి రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పుతుంది. లేని మనుషులు కనిపిస్తారు. గాలి సోకిందని తాయెత్తులు కట్టించేది ఇక్కడే! వైద్య భాషలో ఇది డెలీరియం ట్రెమెన్స్. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్ షాపులు, కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం క్యూ కట్టింది ఇందుకే.

ఇక తెలియకుండా అన్నంలో కలిపే పొడులు, మాత్రల సంగతి. అస్సలు వద్దు. డైసల్ఫిరామ్ అనే మందు ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండెకూ ముప్పే. అందుకే డాక్టర్లు దాన్ని రోగికి చెప్పి, ఒప్పించాకే ఇస్తారు.

మరి నాన్నను ఒప్పించేదెలా..? తాగి ఉన్నప్పుడు గొడవ పడితే పొద్దున్నకి ఆయనకు ఏదీ గుర్తుండదు. మత్తు దిగాక, ఒక్కరే కూర్చుని మాట్లాడాలి. "పరువు తీస్తున్నావ్" అంటే ఆయన లేచి వెళ్లిపోతారు. "నాన్నా, మొన్న బండి మీద నుంచి పడ్డావ్. నాకు భయమేసింది. ఒకసారి డాక్టర్‌కి చూపిద్దాం" అంటే వినే అవకాశం ఎక్కువ. పిచ్చాసుపత్రి అనే భయం ఉంటే ముందు లివర్, బీపీ టెస్టుల పేరుతో మామూలు డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లొచ్చు. అక్కడ తాగుడు సంగతి మాత్రం దాచొద్దు. మానేసిన స్నేహితుడు ఎవరైనా ఉంటే ఆయన మాట ఇంట్లోవాళ్ల మాటకన్నా బాగా పనిచేస్తుంది.

ప్రభుత్వ బోధనాసుపత్రుల్లోని సైకియాట్రీ విభాగాలు, ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాలల్లో చికిత్స దొరుకుతుంది. వణుకు, ఫిట్స్ రాకుండా మాత్రలు, బి1 విటమిన్ ఇస్తారు. ఈ దశ సాధారణంగా వారం, పది రోజులు. తర్వాత నెలల తరబడి మందులు, కౌన్సెలింగ్. మధ్యలో మళ్లీ తాగడం చాలామందిలో జరిగేదే. డబ్బంతా దండగైందని వదిలేయకుండా మళ్లీ డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

ప్రైవేటు రిహాబ్ సెంటర్ అయితే రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్ట్ వస్తారా అని అడగండి. కుటుంబాన్ని కలవనివ్వం, మనుషుల్ని పంపి కట్టేసి తెస్తామనే చోటుకి దూరంగా ఉండండి.

టెలి మానస్ 14416కి 24 గంటలూ ఫ్రీగా కాల్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446. ఇంట్లో కొడుతుంటే 112, పిల్లలైతే 1098. ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా వెంటనే 108కి ఫోన్ చేసి, ఆయన చివరిసారి ఎప్పుడు తాగారో సిబ్బందికి తప్పకుండా చెప్పండి.