వ్రేలికి తగులు అక్షరములు

పెండ్లి శుభలేఖ చేతికి వచ్చినపుడు వధూవరుల పేర్లపై మెల్లగా వ్రేలు రాచి చూడుడు. కొన్ని శుభలేఖలలో అక్షరములు కాగితముకంటె ఎత్తుగా తగులును. ఒక క్రొత్త నూరు రూపాయల నోటు తీసికొని గాంధీజీ బొమ్మపైనను అట్లే రాచి చూడుడు. అదియు ఎత్తుగానే తగులును. అయితే ఈ రెండు ఎత్తులును ఒకే విధముగా కలిగినవా?

నోటు అచ్చు సంగతి ముందుగా చూతము. లోహపు పలకపై గీతలను గాడులుగా చెక్కుదురు. ఆ గాడులలో చిక్కని సిరా నింపి, పలక పైభాగమును తుడిచివేయుదురు. పిమ్మట కాగితమును పలకపై మిక్కిలి ఒత్తిడితో అదుముదురు. కాగితము గాడులలోనికి చొచ్చి సిరాను గ్రహించును. అనగా ఇచట సిరాతోపాటు కాగితము కూడ పైకి లేచినది. చెక్కిన పలకలతో అచ్చువేయుట ఐరోపాలో 15వ శతాబ్దమునుండి కలదు.

పలక చెక్కుట ఖర్చుతో కూడిన పని. చౌకలో ఎత్తైన అక్షరములు కావలెనన్న థర్మోగ్రఫీ అను పద్ధతిని అవలంబింతురు. మొదట మామూలుగా అచ్చువేసి, సిరా ఆరకముందే దానిపై రెజిన్ పొడి చల్లుదురు. తడి సిరాకు అంటిన పొడి నిలుచును. మిగిలినదానిని గాలితో పీల్చివేయుదురు. కాగితమును వేడిచేయగా పొడి కరగి ఒక్కటై, తలతన్యతవలన నీటిబొట్టువలె గుండ్రని వీపు దాల్చును. చల్లారగానే గట్టిపడును. పొడి రేణువులు పెద్దవైనచో ఎత్తు హెచ్చును గాని, సన్నని ఒత్తులు, తలకట్లు కలిసిపోవును. కనుక చిన్న అక్షరములకు మెత్తని పొడియే తగును. అట్టపెట్టెలపై వేరొక పద్ధతి గలదు: దళసరిగా పూసిన వార్నిషును అతినీలలోహిత కాంతితో గట్టిపరతురు.

వేడితో కరగినది మరల వేడికి కరగును. లేసరు ప్రింటరులోని వేడి సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పోవచ్చును. థర్మోగ్రఫీతో తయారైన ఉత్తరముల కాగితమును అందులో పెట్టినచో పేరు చెదరి యంత్రమునకు అంటుకొనవచ్చును. కావున కార్యాలయములవారు అట్టి కాగితము కొనుటకు ముందు ఈ సంగతి విచారింపవలెను.

అక్షరముల ఎత్తు అలంకారమునకు మాత్రమే కాదు. 2018లో వెలువడిన నూరు రూపాయల నోటుపై త్రిభుజమును, 2016 నాటి ఐదువందల నోటుపై వృత్తమును ఎత్తుగా అచ్చువేసినది చూపులేనివారి కొరకే. నోటు నలిగి అరిగినకొలది ఆ ఎత్తు తగ్గును. ఉపాధ్యాయులు తరగతిలో క్రొత్త నోటును, పాత నోటును ఇచ్చి, విద్యార్థులను కన్నులు మూసికొని ఆ గుర్తులను వెదకుమనవచ్చును. నోటును చక్కగా వాడుట ఎవరికి ఉపకారమో వారి వ్రేళ్లే వారికి తెలుపును.