పాత అంబాసిడర్‌కు డిస్క్ బ్రేకులు

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినా, దాన్ని ప్రాణంగా చూసుకునేవారు ఇంకా ఉన్నారు. పాత మోడళ్ళలో నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఘాట్ దిగుతూ పదేపదే తొక్కితే అవి వేడెక్కి పట్టు సడలుతుంది. డిస్క్‌కు గాలి తగులుతుంది కనుక త్వరగా చల్లారుతుంది. బ్రేకు వేయగానే బరువు ముందుకు పడుతుంది కాబట్టి ముందు చక్రాలకు మార్చినా చాలా మేలు.

కిట్ కొనేటప్పుడు మనవాళ్ళు మెరిసే డిస్క్‌నే చూస్తారు. నన్నడిగితే ముందు చూడవలసింది మాస్టర్ సిలిండర్. కాలిపర్ పిస్టన్‌కు ఎక్కువ బ్రేక్ ఆయిల్ కావాలి. పాత సిలిండర్ అంత పంపలేకపోతే పెడల్ అడుగుకు పోతుంది. డ్రమ్ముల కోసం లైనులో ఒత్తిడి నిలిపే వాల్వు ఉంటే, ముందు లైనుకు అది తీసెయ్యాలి. లేకుంటే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటే బండి అడ్డం తిరుగుతుంది. అందుకు ఒత్తిడి సరిచేసే వాల్వు ఇస్తారా అని అడగండి. రిమ్ములో కాలిపర్ పడుతుందో లేదో డబ్బు కట్టకముందే కొలిపించండి.