చంద్రునిపై ధూళిని లేపునదేది?

వేసవిలో బొంరాస్‌పేట నుండి తాండూరు పోవు బాటపై లారీ పోయినచో ధూళి లేచి చాలసేపు నిలుచును. దానిని నిలుపునది గాలి. గాలిలేని చంద్రునిపై ధూళి ఎగిరినను రాయివలె తిరిగి నేలపై పడవలెను. దానిని లేపుటకు అచట గాలియే లేదు.

కాని 1968 జనవరిలో చంద్రునిపై దిగిన సర్వేయర్-7 అను అమెరికా నౌక, సూర్యాస్తమయానంతరము పడమటి క్షితిజముపై సన్నని వెలుగుచారను చిత్రించినది. నేలకు మీటరులోపు ఎత్తున, సుమారు 5 మైక్రానుల వ్యాసార్ధముగల రేణువులు కాంతిని వెదజల్లుటచే అది కలిగినదని శాస్త్రజ్ఞులు తలచిరి. మరి వానిని లేపినదేది?

విద్యుత్తు అని వారి సమాధానము. సూర్యుని అతినీలలోహిత కిరణములు నేలనుండి ఎలక్ట్రానులను వెడలగొట్టును. అందుచే పగటివేళ నేల కొద్ది వోల్టుల మేరకు ధనావేశము పొందును. సజాతి ఆవేశములు వికర్షించుకొనును గదా! కనుక ఆవేశము పొందిన రేణువును నేల పైకి నెట్టును.

లెక్క వేసినచో చిక్కు తెలియును. నేలపై విద్యుత్ క్షేత్రము మీటరుకు 5 వోల్టులనుకొందము. పై రేణువు బరువును మోయుటకే దానిపై సుమారు 30 లక్షల ఎలక్ట్రానులకు సమానమైన ఆవేశము కావలెను. నేలపైని ఆవేశమును రేణువులన్నియు సమముగా పంచుకొన్నచో ఒక్కొక్కదానికి వచ్చునది ఒక ఎలక్ట్రాను ఆవేశములో సుమారు 45వ వంతు మాత్రమే!

2016లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఈ చిక్కునకు ఒక దారి చూపిరి. రేణువుల నడుమ సన్నని సందులుండును. సందులోనికి పోయిన కిరణము అడుగు రేణువునుండి ఎలక్ట్రానులను వెడలగొట్టును. అవి పైకి పోలేక చుట్టుగల రేణువుల ప్రక్కలకు అంటుకొనును. ఇట్లు ఋణావేశము కూడిన ఇరుగుపొరుగు రేణువులు మిక్కిలి దగ్గరగా నుండుటచే తీవ్రముగా వికర్షించుకొనును, ఒకటి ఎగిరిపడును. శూన్యపేటికలో రేణువులు కొన్ని సెంటీమీటర్లు ఎగురుట వారు చూచిరి.

ఐతే ఈ ధూళి ఎంత ఎత్తు పోవును? 2013-14లో చంద్రుని చుట్టు తిరిగిన లాడీ నౌకకు, చాల ఎత్తున ఉండునని ఊహించిన దట్టమైన ధూళి కనబడలేదు. కనుక నేలకు దగ్గరి పరిస్థితులను అచటనే కొలువవలెను. 2023 జూలై 14న శ్రీహరికోటనుండి బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న దిగినది. అందలి 'రంభ' పరికరము నేలచెంత ఘనమీటరుకు 50 లక్షలు మొదలు 3 కోట్ల వరకు ఎలక్ట్రానులున్నట్లు తొలుత తెలిపినది. విద్యుత్ క్షేత్రపు లెక్కకు ఇట్టి కొలతలే ఆధారము.

ఇది వట్టి కుతూహలము కాదు. 1972 డిసెంబరులో అపోలో-17 యాత్రికుల దుస్తులకు ధూళి విడువక అంటుకొని, వారిని మిక్కిలి బాధించినది. 2025 మార్చిలో బ్లూ గోస్ట్ నౌకపై ఒక పరికరము గాజుపైనున్న చంద్రధూళిని విద్యుద్బలముతోనే తొలగించినది. ధూళిని లేపు బలమే దానిని తుడుచుటకును పనికివచ్చెను.