పెద్ద జంతువుల వేటకు రైఫిల్ తూటా ఎంపిక

పెద్ద జంతువుల వేటకు రైఫిల్ తూటా ఎంపిక అనగా పులి, అడవిదున్న, కణితి, మనుబోతు, అడవిపంది వంటి పెద్ద వన్యమృగాలను కాల్చుటకు తగిన తూటాను నిర్ణయించుకొనుట. జంతువు పరిమాణం, గుండు బరువు, వేగం, నిర్మాణం, కాల్చే దూరం, వాతావరణంలోని వేడి, కాల్చేవాని శక్తి సామర్థ్యాలు ఈ నిర్ణయంలో ముఖ్యమైనవి. ఒకప్పటి హైదరాబాదు సంస్థానం వేటకు ప్రసిద్ధి చెందిన ప్రాంతం కావడం వలన ఈ విషయానికి తెలుగునాట సుదీర్ఘమైన చరిత్ర ఉన్నది.

తూటా ఎంపిక బలప్రదర్శనకు సంబంధించిన విషయం కాదు. జంతువును తక్షణం, బాధ లేకుండా పడగొట్టడమే దాని ఉద్దేశం. తగని తూటా వలన గాయపడి తప్పించుకొన్న జంతువు దీర్ఘకాలం బాధపడుతుంది. అది పులి లేదా చిరుతపులి అయితే చుట్టుపక్కల గ్రామాల ప్రజలకు ప్రాణాపాయం కలుగుతుంది. భారతదేశంలో వినోదం కొరకు వేటాడడం ప్రస్తుతం పూర్తిగా నిషిద్ధం. ప్రభుత్వ అనుమతితో జరిగే అరుదైన సందర్భాలలో మాత్రమే ఈ ప్రశ్న నేడు తలెత్తుతున్నది.

తూటా భాగాలు, పేర్లు

రైఫిల్ తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి: ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపలి మందు, ముందుభాగాన అమర్చిన గుండు. వాడుకలో తూటాను, గుండును ఒకటిగానే చెప్పుకొన్నా, గొట్టం నుండి బయటకు వెళ్ళేది గుండు మాత్రమే.

తూటాల పేర్లలోని అంకెలు సాధారణంగా గుండు వ్యాసాన్ని సూచిస్తాయి. .375 అనగా అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 375 భాగాలు. అయితే ఈ పేర్లకు కచ్చితమైన నియమం లేదు. .308 వించెస్టర్, .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ తూటాలు రెండూ ఒకే వ్యాసం గల గుండును పేలుస్తాయి. రెండవదాని పేరులోని 06 అనేది అది అమెరికా సైన్యంలో ప్రవేశించిన 1906వ సంవత్సరాన్ని తెలుపుతుంది. కావున పేరులోని అంకెను మాత్రమే చూసి తూటా బలాన్ని అంచనా వేయరాదు.

హైదరాబాదు సంస్థానంలో వేట

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ (1866-1911) వేటలో ఆసక్తి గలవాడు. ఆయన ముప్పైకి పైగా పులులను చంపాడని ప్రతీతి. 'తీస్ మార్ ఖాన్' అనే పేరును కూడా హైదరాబాదీయులు ఆయనకు అన్వయిస్తారు. ఆయన నివసించిన పురానీ హవేలీ, చివరి దశలో ఆయన మరణించిన ఫలక్‌నుమా ప్యాలెస్ రెండూ పాతబస్తీలోనివే. చార్మినారుకు సమీపంలోని మొఘల్‌పురా మొహల్లా ఈ రెండింటి మధ్య ప్రాంతంలో ఉన్నది. నేడు ఇరుకు వీధులతో, జనసమ్మర్దంతో కనిపించే ఈ పాతబస్తీయే ఆనాడు సంస్థానంలోని దర్బారు వేటలకు కేంద్రం. నగర శివార్లలోని వనస్థలిపురం వద్ద గల మహావీర్ హరిణ వనస్థలి కూడా పూర్వం నిజాముల వేటస్థలమే.

సంస్థానానికి వచ్చిన ప్రముఖ అతిథులకు వేట ఏర్పాటు చేయడం ఆనవాయితీ. ఆస్ట్రియా రాజవంశీయుడు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ 1893లో హైదరాబాదు వచ్చినపుడు వేటలో పాల్గొన్నాడు. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ వరంగల్లు ప్రాంతంలోని నెక్కొండ వద్ద పులులను వేటాడాడు. చంపిన పులితో కర్జన్ దంపతులు నిలిచి ఉన్న ఛాయాచిత్రాన్ని రాజా దీన్ దయాళ్ తీశాడు.

వేడి, నిషేధం - తూటాలపై ప్రభావం

పులుల వేట ఎక్కువగా వేసవిలో జరిగేది. వాగులు, కుంటలు ఎండిపోయి జంతువులు మిగిలిన కొద్ది నీటివనరుల వద్దకు చేరడం దీనికి కారణం. 1889లో బ్రిటన్‌లో కార్డైట్ అనే పొగరాని మందు రూపొందింది. నల్లమందుతో పోలిస్తే ఇది గుండుకు చాలా ఎక్కువ వేగాన్ని ఇచ్చింది. కాని ఎండలో వేడెక్కిన కార్డైట్ పేలినపుడు గొట్టంలో ఒత్తిడి పెరిగి, ఖాళీ తొడుగు లోపలే బిగుసుకుపోయే ప్రమాదం ఉండేది. మీదికి వచ్చే జంతువు ఎదుట రెండవ గుండు పేల్చలేకపోవడం ప్రాణాంతకం. అందువలన 'నైట్రో ఎక్స్‌ప్రెస్' తరగతి తూటాలను పెద్ద తొడుగుతో, తక్కువ ఒత్తిడితో తయారుచేశారు. 1911లో వచ్చిన .416 రిగ్బీ తొడుగు అంత పెద్దదిగా ఉండడానికి కూడా ఉష్ణదేశాల వేడియే కారణం.

1898లో జాన్ రిగ్బీ సంస్థ రూపొందించిన .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ భారతదేశంలో విశేష ఆదరణ పొందింది. అయితే అదే వ్యాసం గల మార్టినీ-హెన్రీ సైనిక రైఫిళ్ళు తిరుగుబాటుదారుల చేతిలో ఉన్నందున, వారికి గుండ్లు అందకుండా బ్రిటిష్ ప్రభుత్వం 1907 ప్రాంతంలో భారతదేశంలోనూ, సూడాన్‌లోనూ .450 తూటాలను నిషేధించింది. తుపాకీ తయారీదారులు దీనికి బదులుగా .465, .470, .475 నెం.2 వంటి కొత్త తూటాలను ప్రవేశపెట్టారు. నేటికీ ఆఫ్రికా వేటలో వాడే .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ ప్రాచుర్యానికి మూలం ఈ నిషేధమే.

సైనిక తూటా అయిన .303 కూడా పౌరులకు నిషిద్ధమైంది. దీనికి ప్రత్యామ్నాయంగా పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారం .315 వేట రైఫిల్‌ను తయారుచేసింది. స్వతంత్ర భారతదేశంలో లైసెన్సుదారులకు సులభంగా లభించిన రైఫిల్ ఇదే.

ఎంపికలో చూడవలసిన అంశాలు

జంతువు శరీరం: గుండు గుండెను గాని, ఊపిరితిత్తులను గాని, మెదడును గాని, వెన్నుపూసను గాని చేరాలి. మగపులి బరువు సుమారు 180 నుండి 260 కిలోలు. దాని చర్మం, ఎముకలు మరీ దళసరివి కావు. వెయ్యి కిలోల వరకు పెరిగే అడవిదున్న భుజం ఎముకను, కండను దాటుకొని పోవడం వేరు విషయం. ఒకదానికి సరిపోయిన తూటా రెండవదానికి చాలకపోవచ్చును.

గుండు నిర్మాణం: ఇది అన్నిటికంటె ముఖ్యమైనది. ముందుభాగాన సీసం బయటకు కనిపించే మెత్తని గుండు తగిలిన వెంటనే విచ్చుకొని పెద్ద గాయం చేస్తుంది. పులి, జింక జాతులకు ఇది తగినది. గట్టి లోహపు కవచం గల గుండు విచ్చుకొనక నేరుగా లోతుకు పోతుంది; ఏనుగు వంటి వాటికి దీనిని వాడేవారు. మెత్తని గుండు పెద్ద ఎముకపై పగిలిపోతే జంతువు గాయంతో పారిపోతుంది. గట్టి గుండు చిన్న జంతువును దాటుకొని వెనుక ఉన్నవారికి తగలవచ్చును. 1948లో జాన్ నోస్లర్ రూపొందించిన 'పార్టిషన్' గుండులో మధ్య గోడ వలన ముందుసగం విచ్చుకొంటుంది, వెనుకసగం చెదరక లోతుకు పోతుంది. తరువాత పూర్తిగా రాగితో చేసిన గుండ్లు వచ్చాయి. సీసపు ముక్కలు తిన్న పక్షులు విషప్రభావంతో మరణిస్తున్నందున కాలిఫోర్నియా రాష్ట్రంలో 2019 నుండి వేటలో సీసపు గుండ్లను పూర్తిగా నిషేధించారు.

బరువు, వ్యాసం: ఒకే వ్యాసం గల రెండు గుండ్లలో పొడవైనది, బరువైనది సాధారణంగా ఎక్కువ లోతుకు పోతుంది. సన్నని గుండ్లు కూడా పెద్ద జంతువులలో లోతుకు పోవుటకు కారణమిదే.

తుపాకీ తన్ను: పేలినపుడు రైఫిల్ భుజాన్ని వెనుకకు తన్నుతుంది. .30-06 తో పోలిస్తే .375 మాగ్నమ్ తన్ను దాదాపు రెండింతలు, .458 తన్ను దాదాపు మూడింతలు ఉంటుంది. తన్నుకు భయపడి కళ్ళు మూసుకొనేవాని చేతిలో పెద్ద తూటా కంటె, గురి తప్పనివాని చేతిలోని మధ్యరకపు తూటా మేలు.

దూరం: మన అడవులలో మంచె మీద నుండి కాల్చే దూరం చాలా తక్కువ. దూరపు గురికై రూపొందిన అతివేగపు తూటాల వలన ఇక్కడ ప్రత్యేక ప్రయోజనం లేదు. పైగా దగ్గరలో అతివేగంతో తగిలిన మెత్తని గుండు లోతుకు పోకముందే చెదరిపోవచ్చును.

ప్రధానమైన తూటాలు

క్రింది శక్తి విలువలు గొట్టం చివర వద్ద సుమారుగా ఉండేవి.

7×57 మాజర్ (.275 రిగ్బీ), 1892: 3,200 జౌళ్ళు. తక్కువ తన్ను, మంచి గురి. జిమ్ కార్బెట్ వాడిన రైఫిళ్ళలో ఒకటి ఈ రకానిదే.

.30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, 1906: 3,900 జౌళ్ళు. కణితి, మనుబోతు, అడవిపంది స్థాయి జంతువులకు తగినది. 1952లో వచ్చిన .308 వించెస్టర్ శక్తిలో దీనికంటె కొంచెం తక్కువ.

.405 వించెస్టర్, 1904: 4,400 జౌళ్ళు. దక్షిణ భారతపు వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ (1910-1974) అభిమాన తూటా.

.375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నమ్, 1912: 5,800 జౌళ్ళు. అన్నిరకాల పెద్ద జంతువులకు పనికివచ్చే తూటాగా పేరుపొందినది. ఆఫ్రికాలోని పలు ప్రాంతాలలో ప్రమాదకర జంతువుల వేటకు కనీస అర్హతగా దీనిని పరిగణిస్తారు.

.458 వించెస్టర్ మాగ్నమ్, 1956: 6,300 జౌళ్ళు. తొలి రోజుల్లో తొడుగులో కూరిన మందు గడ్డకట్టి వేగం తగ్గుతున్నదనే విమర్శ వచ్చినది.

.470 నైట్రో ఎక్స్‌ప్రెస్: 6,900 జౌళ్ళు. జోడుగొట్టాల రైఫిళ్ళకు ప్రసిద్ధి.

2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ వంటి ఆధునిక తూటాలు దూరపు గురికి, తక్కువ తన్నుకు ప్రాధాన్యమిస్తాయి. ఇవి జింక స్థాయి జంతువులకు ఉద్దేశించినవే గాని ప్రమాదకర జంతువులకు కావు.

స్కాట్లాండుకు చెందిన వేటగాడు డబ్ల్యు.డి.ఎం. బెల్ వెయ్యికి పైగా ఏనుగులను చంపాడు. వాటిలో అధికభాగం .275 వంటి చిన్న తూటాతో చంపినవే. దీనిని చిన్న తూటా చాలుననుటకు నిదర్శనంగా తీసుకొనరాదు. ఏనుగు తలలో మెదడు ఉండే స్థానాన్ని అతడు క్షుణ్ణంగా అధ్యయనం చేశాడు. అటువంటి నైపుణ్యం అందరికీ సాధ్యం కాదు. పెద్ద తూటా కొంతమేరకు పొరపాటును సర్దుకొంటుంది, కాని గురి తప్పడాన్ని ఏ తూటా సరిదిద్దలేదు.

గాయపడిన జంతువు

కార్బెట్ 1907లో చంపిన చంపావత్ ఆడపులికి 436 మరణాలు ఆపాదించబడినవి. దాని కుడివైపు కోరలు రెండూ పాత తుపాకీ గాయం వలన విరిగి ఉన్నాయి. సహజమైన ఆహారాన్ని వేటాడలేక అది మనుషులపై పడిందని కార్బెట్ అభిప్రాయపడ్డాడు. ఒక వేటగాని తగని గుండుకు మూల్యాన్ని వందలాది గ్రామీణులు చెల్లించారు. అప్పటి చిత్తూరు జిల్లాలోని మామండూరు, చామల లోయ ప్రాంతాల పులుల గురించి వ్రాసిన ఆండర్సన్ కూడా గాయపడిన జంతువును వెదికి చంపడం వేటగాని విధి అని భావించాడు. చిల్లగుండ్లు వేసి పేల్చే నాటు తుపాకులు పెద్ద జంతువులను చంపడం కంటె గాయపరచడమే ఎక్కువ.

చట్టం, నేటి పరిస్థితి

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 వేటను నియంత్రించింది. 1991 సవరణతో వేట దాదాపు పూర్తిగా నిషేధించబడినది. మొదటి షెడ్యూలులోని జంతువును చంపినవారికి 3 నుండి 7 సంవత్సరాల జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. మనిషి ప్రాణానికి ప్రమాదకరమైన జంతువును, పట్టుకొనుటకు గాని మత్తు ఇచ్చుటకు గాని సాధ్యం కానపుడు మాత్రమే, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి వ్రాతపూర్వక ఉత్తర్వుతో చంపవచ్చునని 11వ విభాగం చెబుతున్నది. తుపాకీ కలిగి ఉండుటకు ఆయుధాల చట్టం, 1959 క్రింద లైసెన్సు తప్పనిసరి. 2019 సవరణ ప్రకారం ఒకరు రెండు తుపాకులకు మించి ఉంచుకొనరాదు.

2016లో బీహార్‌లోని మొకామా ప్రాంతంలో పంటలను నాశనం చేస్తున్న మనుబోతులను ప్రభుత్వ అనుమతితో కాల్చినవారిలో హైదరాబాదుకు చెందిన నవాబ్ షఫత్ అలీ ఖాన్ బృందం ఉన్నది. 2018 నవంబరు 2న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో అవని అనే ఆడపులిని ఆయన కుమారుడు కాల్చి చంపడం దేశవ్యాప్తంగా తీవ్ర వివాదానికి దారితీసింది. ఆ వివాదం ప్రధానంగా మత్తు ఇచ్చే ప్రయత్నం సరిగా జరిగిందా అన్న అంశంపై నడిచింది.

తెలంగాణలో పంటలను పాడుచేసే అడవిపందులను కాల్చుటకు అనుమతించే అధికారాన్ని 2021లో సర్పంచులకు అప్పగించే ఏర్పాటు జరిగింది. ఇటువంటి పనిలో తూటా ఎంపికకు మరొక కోణం ఉన్నది. .30-06 స్థాయి గుండు నాలుగు కిలోమీటర్లకు పైగా ప్రయాణించగలదు. చేలు, ఊళ్ళు కలిసి ఉండే చోట జంతువులోనే ఆగిపోయే మెత్తని గుండు, వెనుక మట్టిగట్టు వంటి అడ్డు, ఎత్తు నుండి క్రిందికి కాల్చడం అవసరం. జంతువు వెనుక ఏమున్నదో కనిపించనపుడు ఎంత మంచి తూటా అయినా కాల్చరాదు.

ఇవి కూడా చూడండి

మీర్ మహబూబ్ అలీ ఖాన్
మొఘల్‌పురా
మహావీర్ హరిణ వనస్థలి జాతీయ వనం
వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972
జిమ్ కార్బెట్
కెన్నెత్ ఆండర్సన్