40 సెంట్ల రేవు, 10 నిమిషాల వెలుగు: పోర్ట్ లూయిస్ లెక్కలు

మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో, సముద్రపు ఒడ్డున ఉన్న ఆప్రవాసీ ఘాట్ విస్తీర్ణం 1,640 చదరపు మీటర్లు. మన కొలతల్లో 40 సెంట్లు, లేదా 1,960 గజాలు. అంత చిన్న చోటికి 1834 నుంచి 1920 దాకా భారతదేశం నుంచి దాదాపు 5 లక్షల మంది ఒప్పంద కూలీలు వచ్చి చేరారు. 86 ఏళ్లకు పంచి చూస్తే రోజుకు సుమారు 16 మంది. కొందరు ఈ దీవిలోని చెరకు తోటల్లోకి వెళ్లారు, మరికొందరు ఇక్కడి నుంచే రీయూనియన్‌కు, ఆఫ్రికాకు, కరీబియన్ దీవులకు మళ్లీ ఓడలెక్కారు.

కారణం సూటిగానే కనిపిస్తుంది. 1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వం రద్దయింది, చెరకు తోటలకు మాత్రం పనివాళ్లు కావాల్సి వచ్చింది. రద్దుకు మూడు నెలల ముందే, 1834 నవంబర్ 2న, అట్లాస్ అనే ఓడలో 36 మంది దిగారు. ఏటా నవంబర్ 2న ఆ దేశమంతా సెలవు పెట్టి వాళ్లను తలుచుకుంటుంది. ఘాట్‌లోని వలస డిపో 1849లో వెలిసింది. రేవు నుంచి పైకెక్కే 16 రాతిమెట్లు ఇప్పటికీ ఉన్నాయి. కోరంగి, మద్రాసు రేవుల్లో ఓడలెక్కిన తెలుగువాళ్లూ ఈ వలసలో ఉన్నారు. వాళ్ల సంతతి వల్లనే ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినం, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే. 2006లో యునెస్కో ఈ స్థలాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంత ఉన్నా, మనవాళ్ల టూర్ ప్యాకేజీల్లో చాలావాటిలో దీనికి దక్కేది బస్సు కిటికీలోంచి ఒక చూపు. అది నాకు బాధగా ఉంటుంది.

ఊరు మాత్రం నడకకు తగినంతే. ఘాట్, సెంట్రల్ మార్కెట్, కోడాన్ వాటర్‌ఫ్రంట్, రెండు ముఖ్యమైన మ్యూజియాలు, అన్నీ 2 కిలోమీటర్ల లోపే. విమానాశ్రయం దీవికి రెండో చివర, 45 కిలోమీటర్లకు పైనే ఉంది. బస ఊరి బయట దొరికితే మెట్రో ఉంది: పోర్ట్ లూయిస్ నుంచి క్యూర్‌పీప్ దాకా 26 కిలోమీటర్లు, భారత ప్రభుత్వ సాయంతో ఎల్ అండ్ టి కట్టిన మార్గం.

కోడాన్‌లోని బ్లూ పెన్నీ మ్యూజియంలో చూడాల్సినవి రెండు తపాలా బిళ్లలు. 1847 సెప్టెంబర్‌లో మారిషస్ రెండు రకాల బిళ్లలు విడుదల చేసింది: నారింజ ఎరుపులో ఒక పెన్నీది, నీలంలో రెండు పెన్నీలది. ఒక్కో రకం అచ్చయింది 500. నేడు లోకంలో మిగిలాయని తెలిసినవి 27 మాత్రమే, ఎరుపువి 15, నీలానివి 12. 1993లో మారిషస్ సంస్థలు కొన్ని కలిసి రంగుకు ఒకటి చొప్పున సుమారు 20 లక్షల డాలర్లకు కొని స్వదేశానికి తెచ్చుకున్నాయి. వెలుగు తగిలితే రంగు వెలిసిపోతుంది కాబట్టి అసలు బిళ్లలపై దీపం గంటకు 10 నిమిషాలే వెలుగుతుంది, మిగతా సమయమంతా నకళ్లే. లోపలికి వెళ్లగానే ఆ సమయం ఎప్పుడో అడిగి, మిగతా గదులు దాన్నిబట్టి చూసుకోండి.

సహజ చరిత్ర మ్యూజియంలో, అంతరించిపోయిన డోడో పక్షి అస్థిపంజరం ఉంది. మిగతా చోట్ల కనిపించేవి చాలావరకు పలు పక్షుల ఎముకలు కలిపి కూర్చినవి. ఇది దాదాపు పూర్తిగా ఒకే పక్షిది. దొరికింది 1900ల తొలినాళ్లలో. వెతికి తీసినవాడు శాస్త్రవేత్త కాదు, తిరియూ అనే మంగలి. డచ్చివాళ్లు 1598లో దీవిలో కాలుపెట్టారు. డోడోను చివరిసారి చూసినట్టు ఎక్కువమంది ఒప్పుకునే సంవత్సరం 1662. నడుమ 64 ఏళ్లు, ఒక మనిషి ఆయుష్షు కంటే తక్కువ.

1812లో మొదలైన షాన్ ద మార్స్ గుర్రప్పందేల మైదానం దక్షిణార్ధగోళంలోకెల్లా పాతది. 1968 మార్చి 12న స్వతంత్ర మారిషస్ జెండా ఎగిరిందీ అందులోనే. ఊరంతా ఒక్క చూపులో కావాలంటే 1840లో పూర్తయిన అడిలైడ్ కోట ఎక్కాలి. ఎండ ముదరకముందే ఎక్కండి.

ఇక బజారు. ధర చీటీల మీద కనిపించేది మన దగ్గర ముద్రించే ఆర్ఎస్ అక్షరాలే, రూపాయి మాత్రం మనది కాదు. ఇటీవలి మారకంలో మారిషస్ రూపాయి మన రెండు రూపాయలకు కొంచెం తక్కువ. 500 అని చూసి 500 అనుకుని సంచిలో వేసుకుంటే ఖర్చు దాదాపు రెట్టింపు. ప్రతి ధరనూ రెండుతో హెచ్చించుకుంటే లెక్క సులువు, చివర్లో కాస్త మిగులుతుంది కూడా.

సెంట్రల్ మార్కెట్‌లో కింద కూరగాయలు, పండ్లు, పై అంతస్తులో బట్టలు, చేతిపనులు. ఇక్కడ బేరం ఆడొచ్చు, కోడాన్ దుకాణాల్లో ధర చెప్పిందే. పైన వేలాడే బుట్టల్లో చాలా భాగం మడగాస్కర్ నుంచి వచ్చినవి, బట్టల్లో కొన్ని మన దేశానివే. అందుకే ఎక్కడ చేసిందని అడిగి కొనండి. నా మటుకు నేను సిఫారసు చేసేవి మూడు: శుద్ధి చేయని చెరకు చక్కెర, వెనీలా కలిపిన స్థానిక తేయాకు, చేత్తో చేసిన చెక్క ఓడ నమూనా. ఆకలేస్తే ధోల్ పూరీ తినండి. బెల్లం లేని పల్చటి బొబ్బట్టులా ఉంటుంది, పప్పు పొడి నింపి చేస్తారు, కూర, పచ్చడి వేసి జతగా ఇస్తారు.

సాయంత్రం ఆఫీసులు మూయగానే ఊరు ఖాళీ అవుతుంది. ఆదివారం మార్కెట్ మధ్యాహ్నం దాకానే. బ్లూ పెన్నీ మ్యూజియం, ఆప్రవాసీ ఘాట్ ఆ రోజు తెరవరు. ఘాట్‌కు ప్రవేశ రుసుము లేదు. కాబట్టి పోర్ట్ లూయిస్‌ను పని దినానికే పెట్టుకుని, ఉదయం మొదటి గంట ఆ 40 సెంట్లకు ఇవ్వండి. బజారు ఆ తర్వాత చూసుకోవచ్చు.