పాత స్కూటరు ఇంజను: మరమ్మతుకు ముందు కొలత

ఇటలీలోని పియాజియో సంస్థ 1946లో వెస్పా స్కూటరును విడుదల చేసింది. దాని రూపకర్త కొర్రాదీనో దస్కానియో అనే విమాన ఇంజనీరు. ఆ సంస్థ అనుమతితో 1960 దశకంలో బజాజ్ వారు మన దేశంలో వెస్పాలను తయారుచేశారు. 1971లో ఆ ఒప్పందం ముగిసింది. 1972లో చేతక్ వచ్చింది. 2020లో అదే పేరుతో వచ్చిన స్కూటరు విద్యుత్తుతో నడిచేది. పాత పెట్రోలు చేతక్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. అందువల్ల ఇప్పుడు పాత ఇంజనును బాగుచేసేవారు ఒక్క సిలిండరును పాడుచేసుకున్నా నష్టమే.

ఇది టూస్ట్రోక్ ఇంజను. అంటే పిస్టను ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదలగానే ఒక చక్రం పూర్తవుతుంది. పిస్టను పైకి పోయేటప్పుడు దాని కిందనున్న క్రాంకు గదిలోకి గాలి, పెట్రోలు, నూనె కలిసిన మిశ్రమం వస్తుంది. పిస్టను దిగేటప్పుడు ఆ మిశ్రమాన్ని నొక్కి సిలిండరులోకి పంపుతుంది. కనుక క్రాంకు గది కూడా ఒక పంపు వంటిదే. దానిలోకి బయటి గాలి చొరబడకూడదు.

ఇందుకోసం క్రాంకు షాఫ్టుకు రెండు వైపులా రబ్బరు ఆయిల్ సీళ్లు ఉంటాయి. ఏళ్ల తరబడి వాడకుండా నిలిపిన బండిలో ఇవి గట్టిపడి పగులుతాయి. ఫ్లైవీలు వైపు సీలు పోతే అదనపు గాలి లోపలికి వస్తుంది. మిశ్రమంలో పెట్రోలు, నూనె పాళ్లు తగ్గి, ఇంజను మితిమీరి వేడెక్కి, పిస్టను బిగుసుకుపోతుంది. క్లచ్చి వైపు సీలు పోతే గేరు పెట్టెలోని నూనె ఇంజనులోకి వచ్చి కాలుతుంది. అప్పుడు దట్టమైన తెల్లని పొగ వస్తుంది. బిగిసిన పిస్టను మార్చి, చెడిన సీలును అలాగే వదిలితే కొత్త పిస్టనుకూ అదే గతి పడుతుంది. కాబట్టి విడిభాగం కొనడానికి ముందే పాతది ఎందుకు చెడిందో తెలుసుకోవాలి.

ఇక సిలిండరు సంగతి. చేతక్ సిలిండరు వ్యాసం 57 మి.మీ.; పిస్టను కదిలే దూరమూ 57 మి.మీ. ఈ కొలతలతో లెక్కిస్తే ఘనపరిమాణం సుమారు 145.45 ఘ. సెం.మీ. వస్తుంది. సిలిండరు పోత ఇనుముది, పిస్టను అల్యూమినియం మిశ్రమలోహానిది. ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్ పెరిగితే 57 మి.మీ. వ్యాసం గల పిస్టను సుమారు 0.12 మి.మీ. పెరుగుతుంది, సిలిండరు వ్యాసం అందులో సగమే పెరుగుతుంది. అందుకే రెంటి మధ్య కొంత సందు విడిచిపెడతారు. సందు చాలకపోతే పిస్టను బిగుస్తుంది. ఎక్కువైతే కొట్టుకుంటుంది, సంపీడనం తగ్గుతుంది. ఎంత సందు ఉండాలో తయారీదారు పుస్తకంలో చూడాలి.

ఈ కొలతకు పాఠశాలలోని వెర్నియర్ కాలిపర్సు చాలదు. దాని కనీసపు కొలత సాధారణంగా 0.1 మి.మీ. స్క్రూగేజి 0.01 మి.మీ. వరకు కొలుస్తుంది కాని, పాఠశాలలో ఉండే దానిలో 57 మి.మీ. పిస్టను పట్టదు. లేతు పనివారి వద్ద పెద్ద మైక్రోమీటరు, సిలిండరు లోపల కొలిచే బోరు గేజి ఉంటాయి. సిలిండరును పైన, మధ్యన, కింద, ఒక్కొక్క చోట ఒకదానికొకటి లంబంగా రెండు దిశలలో కొలవాలి. ఈ ఆరు కొలతలు సమానంగా లేకపోతే అది ఎక్కడెక్కడ అరిగిందో, ఎంత వంకర తిరిగిందో తెలుస్తుంది.

అరిగిన సిలిండరును బోరు చేయించి, కొంచెం పెద్ద పిస్టను వేస్తారు. ఇక్కడ చాలామంది తొందరపడతారు. ముందు పిస్టను కొని, దానిని కొలిచి, ఆ తరువాతనే సిలిండరును దానికి తగినట్లు బోరు చేయించాలి. పిస్టనుపై వేసిన అంకెకూ దాని అసలు వ్యాసానికీ తేడా ఉండవచ్చు. కావలసిన సైజు అంగడిలో దొరకకపోవచ్చు కూడా. బోరును మరికొంత పెంచవచ్చును గాని, తీసివేసిన లోహాన్ని తిరిగి చేర్చలేము.

నిపుణుని సలహా కోరేవారు “బండి నడవడం లేదు” అని మాత్రమే చెబితే ప్రయోజనం లేదు. ఇంజను సంఖ్య, ఆరు కొలతలు, పొగ రంగు, స్పార్కు ప్లగ్గు మొన రంగు, పిస్టనుపై గీతలు పడిన చోటు చెప్పాలి. ఊడదీసిన పాత భాగాలను పారవేయక వెంట తీసుకుపోవాలి. విడిభాగాల అంగడిలో పాత సీలును కొత్తదాని పక్కన పెట్టి లోపలి వ్యాసం, వెలుపలి వ్యాసం, మందం పోల్చాలి. ఒకే పేరుతో అమ్మిన స్కూటర్లలోనూ కాలక్రమాన భాగాలు మారాయి. పేరును మాత్రమే నమ్మి కొన్న భాగం కొన్నిసార్లు సరిపోదు. కొలిచి కొన్నది సాధారణంగా సరిపోతుంది.

వైద్యుడు నాడి చూసి మందిచ్చినట్లే, మంచి మెకానిక్కు ముందు కొలిచి, తరువాతనే పానా పడతాడు. పాఠశాలలో స్క్రూగేజి పట్టడం నేర్చిన విద్యార్థికి ఆ పనిలో సగం అప్పటికే తెలిసినట్లు.